పాలు పట్టే ముందు ఒక రక్తపరీక్ష

జపాన్ నైరుతి కొసన ఉన్న నాగసాకిలో 1987 నుంచి గర్భిణులకు మామూలు పరీక్షలతో పాటు ఇంకొక రక్తపరీక్ష చేస్తున్నారు. హెచ్‌టీఎల్‌వీ-1 అనే రెట్రోవైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు గర్భిణి రక్తంలో ఉన్నాయా లేవా అని చూసే పరీక్ష అది. ఉన్నాయని తేలితే, పుట్టబోయే బిడ్డకు తన పాలు ఇవ్వకుండా ఉండడం మంచిదని చెబుతారు. ఆ మాట వినే తల్లికి అప్పటికి ఏ జబ్బూ ఉండదు. చాలామందికి ఎప్పటికీ రాదు కూడా. ఆమె పాలు తాగి బిడ్డకు వైరస్ సోకినా, దానివల్ల ప్రాణం మీదికి వచ్చేది నూటికి అయిదుగురికి. అదీ అరవయ్యో డెబ్బయ్యో ఏళ్ళు వచ్చాక.

ఇంత ఆలస్యంగా, ఇంత కొద్దిమందికే వచ్చే ఆపద కోసం ఆరోగ్యంగా ఉన్న ఒక స్త్రీని కూర్చోబెట్టి, నీ రక్తంలో ఇది ఉంది, బిడ్డకు రొమ్ము ఇవ్వకు అని చెప్పవచ్చా? జపాన్‌లో వైద్యులు, ప్రభుత్వాలు, రోగుల సంఘాలు దాదాపు నలభై ఏళ్ళుగా ఈ ప్రశ్న మీద తర్జనభర్జన పడుతున్నాయి. చెప్పాలనేవారి వాదనలోనూ, వద్దనేవారి వాదనలోనూ బలం ఉంది. ఏ పక్షం వహించాలన్నా ముందు ఒక సంగతి తెలియాలి. కుటుంబంలో ఒకరి నుంచి ఒకరికి వైరస్ ఎలా పోయిందో యాంటీబాడీలు ఎంతవరకు చెప్పగలవు, ఎక్కడ చెప్పలేవు?

1977లో క్యోటో విశ్వవిద్యాలయంలో తకత్సుకి కియోషి, ఉచియామా తకాషి, వారి సహచరులు పెద్దవయసు వాళ్ళలో వచ్చే ఒక కొత్తరకం రక్త క్యాన్సర్‌ను వివరించారు. టి-కణాలు అనే తెల్లరక్తకణాలు అదుపు తప్పి పెరిగిపోయే జబ్బు అది. ఏటీఎల్ అన్న పేరుతో స్థిరపడింది. ముదిరిన రూపంలో వస్తే రోగి సగటున ఏడాది కూడా బతకడు. రోగులు ఎక్కడ పుట్టారని ఆరా తీస్తే ఎక్కువమంది క్యూషూ ద్వీపం వాళ్ళే. క్యాన్సర్ పుట్టిన ఊరిని ఇలా అంటిపెట్టుకుని ఉందంటే ఏదో సూక్ష్మజీవి ప్రమేయం ఉండాలని అనుమానం వచ్చింది. 1980లో అమెరికాలో బెర్నార్డ్ పోయెస్, రాబర్ట్ గాలో బృందం ఒక రోగి టి-కణాల నుంచి మనుషులకు సోకే మొదటి రెట్రోవైరస్‌ను, అంటే హెచ్‌టీఎల్‌వీ-1ను, బయటపెట్టింది. ఎయిడ్స్ అనే మాట ఇంకా పుట్టని రోజులవి.

మరుసటి ఏడాది జపాన్‌లో హినుమా యోరియో చేసిన ప్రయోగం మన విషయానికి గుండెకాయ. మియోషి ఇసావో ఒక ఏటీఎల్ రోగి కణాలను ప్రయోగశాలలో పెంచి ఎంటీ-1 అనే కణాల వరసను తయారుచేసి ఉంచాడు. హినుమా ఆ కణాలను గాజుపలక మీద పరిచి, వాటి మీద రోగుల రక్తరసం వేసి, మెరిసే రంగు కలిపి సూక్ష్మదర్శినిలో చూశాడు. నూటికి ఒకటి నుంచి అయిదు కణాలు మెరిశాయి. అంటే ఆ కణాల్లో ఉన్న ఏదో పదార్థాన్ని రోగుల రక్తంలోని యాంటీబాడీలు పట్టుకుంటున్నాయి. పరీక్షించిన 44 మంది ఏటీఎల్ రోగులందరిలోనూ ఆ యాంటీబాడీలు ఉన్నాయి. అక్కడితో ఆగితే అదొక రోగనిర్ధారణ పద్ధతిగా మిగిలేది. కానీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోని ఆరోగ్యవంతుల రక్తాన్నీ ఆయన చూశాడు. వాళ్ళలో నూటికి 26 మందికి అవే యాంటీబాడీలు కనిపించాయి. జబ్బు లేని ప్రాంతాల్లో ఒకరిద్దరికి తప్ప లేవు.

జబ్బుపడిన కొద్దిమంది వెనక, ఏ లక్షణమూ లేకుండా వైరస్‌ను మోస్తున్న వేలాది కుటుంబాలున్నాయని ఆ ఒక్క అంకెతో అర్థమైంది. ఇక మిగిలిన పని ఆ కుటుంబాల్లోకి వెళ్ళి చూడడం.

1982లో తజిమా కజువో తదితరులు, ఆ తర్వాత మరికొందరు చేసింది అదే. భార్యాభర్తలు, వాళ్ళ పిల్లలు అందరి రక్తాన్నీ తీసి యాంటీబాడీలు ఎవరికి ఉన్నాయి, ఎవరికి లేవని పట్టిక వేశారు. తల్లికి ఉంటే పిల్లల్లో దాదాపు నాలుగో వంతుకు ఉన్నాయి. తండ్రికి ఉండి తల్లికి లేకపోతే పిల్లల్లో దాదాపు ఎవరికీ లేవు. భర్తకు ఉన్న ఇళ్ళలో భార్యలకు కూడా ఎక్కువగా కనిపించాయి. భార్యకు ఉన్న ఇళ్ళలో భర్తలకు అంతగా లేవు. పిసిఆర్ లేని కాలంలో, జన్యుక్రమాలు చదివే సౌకర్యం అందుబాటులో లేని కాలంలో, ఉందా లేదా అనే రెండే రెండు గుర్తులతో ఒక వైరస్ ఇంట్లో నడిచే దారిని గీయగలిగారు. తండ్రి నుంచి నేరుగా పిల్లలకు రావడం లేదంటే గాలి, ఎంగిలి, ఒకే కంచం, ఒకే పక్క కారణం కాదు. తల్లికీ బిడ్డకూ మధ్య మాత్రమే ఉండేది ఏదో కారణం కావాలి.

అది పాలు. వైరస్ ఉన్న తల్లుల పాలలో వైరస్ మోసే కణాలున్నట్టు 1984లో కినోషిత బృందం చూపింది. అటువంటి పాలలోని కణాలను మార్మొసెట్ కోతులకు నోటి ద్వారా ఇస్తే వాటికీ సోకింది. ఈ వైరస్ రక్తంలో విడిగా తిరగడం చాలా అరుదు. కణం నుంచి కణానికే పాకుతుంది. ఓకోచి కజువో 1984లో ప్రచురించిన రక్తమార్పిడి లెక్కలు కూడా దీనికి సరిపోయాయి. వైరస్ ఉన్న దాతల నుంచి కణాలతో కూడిన రక్తం ఎక్కించుకున్నవారిలో నూటికి 63 మందికి యాంటీబాడీలు తయారయ్యాయి. కణాలు తీసేసిన ప్లాస్మా మాత్రమే ఎక్కించుకున్నవారిలో ఎవరికీ రాలేదు. జపాన్ 1986 నవంబరు నుంచి దానం చేసిన రక్తమంతటికీ ఈ పరీక్ష మొదలుపెట్టింది. ఆ మార్గం మూసుకుపోయింది. మిగిలినవి పాలు, పడకగది.

నాగసాకిలో హినో షిగెవో నాయకత్వాన గర్భిణుల పరీక్ష మొదలైంది ఇలాంటి ఆధారాల మీదనే. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల్ని పరిశీలించాక వచ్చిన ఫలితం ఇది: ఆరునెలలు, ఆ పైన తల్లిపాలు తాగిన పిల్లల్లో నూటికి 20.3 మందికి సోకితే, పోతపాల మీద పెరిగినవారిలో 2.5 మందికి సోకింది. టీకా లేని, మందు లేని ఒక వైరస్‌ను, పాలసీసా తప్ప మరే పరికరమూ లేకుండా ఎనిమిదో వంతుకు తగ్గించడం వైద్యచరిత్రలో చిన్న విషయం కాదు. నేను ఈ పరీక్ష పక్షాన మొగ్గడానికి మొదటి కారణం ఈ అంకెలే.

కానీ ఈ అంకెల్ని ఇంకోవైపు నుంచి కూడా లెక్కకట్టాలి. వైరస్ ఉన్న వందమంది తల్లులు ఒక్కో బిడ్డకు పాలు మానుకున్నారనుకుందాం. పద్ధెనిమిది మంది దాకా పిల్లలు వైరస్ నుంచి తప్పించుకుంటారు. వైరస్ ఉన్నవారిలో ఏటీఎల్ వచ్చేది జీవితకాలంలో నూటికి సుమారు అయిదుగురికి. అంటే ఆ పద్ధెనిమిది మందిలో తప్పేది దాదాపు ఒక్క క్యాన్సర్. మిగిలిన తొంభై తొమ్మిది మంది తల్లులు వదులుకున్నది, క్యాన్సర్ లెక్కలో చూస్తే, ఏ బిడ్డ ప్రాణమూ నిలపడానికి కాదు. పైగా ఆ ఒక్కరెవరో ఎవరికీ ఎన్నటికీ తెలియదు. వద్దనేవారి వాదనకు అసలు బలం ఇక్కడ ఉంది. తల్లిపాలు మానడం వల్ల వచ్చే నష్టం ఈ రోజుది. చెవిపోటు, విరేచనాలు, ఊపిరితిత్తుల జబ్బులు, తల్లి మనసులో మిగిలే బాధ అన్నీ ఇప్పుడే వస్తాయి. లాభమేమో అరవై ఏళ్ళ తర్వాతి మాట. ఈలోగా మందు కనిపెట్టవచ్చు కదా అని కూడా అడగవచ్చు.

దీనికి సమాధానంగా రెండు విషయాలు చెప్పాలి. ఏటీఎల్ ఒక్కటే ఈ వైరస్ తెచ్చే కీడు కాదు. 1985లో మార్టినిక్ ద్వీపంలో జెస్సాన్ బృందం, 1986లో కగోషిమాలో ఒసామె మిత్సుహిరో, వెన్నుపాము క్రమంగా దెబ్బతిని కాళ్ళు పట్టుతప్పే జబ్బు కూడా దీనివల్లే వస్తుందని చూపారు. కంటిలోపల వాపు కూడా వస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. వైరస్ తప్పించుకున్న ఆడపిల్ల రేపు తల్లి అయినప్పుడు తన బిడ్డకు దాన్ని ఇవ్వదు. ఒక తరంలో ఆగిన గొలుసు తర్వాతి తరాలన్నిటిలోనూ ఆగినట్టే. వందమంది తల్లులకు ఒక క్యాన్సర్ అన్న లెక్క మొదటి తరానికి మాత్రమే సరైన లెక్క. ఇక మందు సంగతి. మొగాములిజుమాబ్ అనే యాంటీబాడీ మందుకు జపాన్ 2012లో ఏటీఎల్‌కు అనుమతినిచ్చింది. అది కొందరికి ఆయుష్షు పెంచింది. జబ్బును మాత్రం లొంగదీయలేదు. 1987లో మందు వస్తుందని ఎదురుచూసి పరీక్ష మొదలుపెట్టకపోయి ఉంటే, ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉండేవాళ్ళు.

అయినా కుటుంబంలో యాంటీబాడీల సాక్ష్యం మనం అనుకున్నంత సూటిగా మాట్లాడదు. ఈ విషయం వైద్యుల సమావేశాల్లో తరచుగా వినపడుతుంది గానీ, కాగితం చేతికందుకున్న గర్భిణికి ఎవరూ తీరికగా చెప్పరు.

తట్టు వచ్చి తగ్గిపోయినవాళ్ళలో కూడా యాంటీబాడీలు ఉంటాయి. అక్కడ వాటికి అర్థం గతంలో జబ్బు వచ్చిపోయిందని. ఈ వైరస్ సంగతి అలా కాదు. అది కణాల జన్యువుల్లో దూరి జీవితాంతం ఉంటుంది. కాబట్టి పెద్దవాళ్ళలో యాంటీబాడీ ఉందంటే వైరస్ ఇప్పుడు కూడా ఉన్నట్టే. అదే యాంటీబాడీ నెలల పసిబిడ్డలో కనిపిస్తే అర్థం మారిపోతుంది. అది తల్లి మావి ద్వారా బిడ్డకు పంపిన యాంటీబాడీ. మొదటి ఏడాదిలో క్రమంగా తరిగి మాయమవుతుంది. బిడ్డకు సోకిందీ లేనిదీ దాన్నిబట్టి చెప్పడానికి లేదు. జపాన్‌లో మూడేళ్ళు నిండాకే బిడ్డను పరీక్షించమంటారు. మూడేళ్ళు తల్లి ఎదురుచూడాలి. ఆ తర్వాత ఉందని తేలినా చేయగలిగిందేమీ లేదు. అలాంటప్పుడు పరీక్షించడమెందుకు అని అడిగే తల్లుల ప్రశ్న న్యాయమైనదే. నన్నడిగితే ఆ పరీక్ష తల్లి కోరితే చేయాలి, లేకపోతే పెద్దయ్యాక ఆ బిడ్డ ఇష్టానికి వదిలేయాలి.

పెళ్ళయిన స్త్రీలో యాంటీబాడీ దొరికితే, అది పుట్టింటి నుంచి తెచ్చుకున్నదా, మెట్టినింట వచ్చిందా? రక్తపరీక్ష చెప్పలేదు. ఎప్పుడు సోకిందో తెలిపే గుర్తు అందులో లేదు. జన్యుక్రమం చదివి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చవచ్చు కదా అనిపిస్తుంది. హెచ్‌ఐవీ విషయంలో అది కొంత సాధ్యమే, ఎందుకంటే ఆ వైరస్ వేగంగా మారుతుంది. హెచ్‌టీఎల్‌వీ-1 ఎక్కువగా తాను దూరిన కణం విభజన చెందడం ద్వారానే సంఖ్య పెంచుకుంటుంది. అందువల్ల చాలా నెమ్మదిగా మారుతుంది. ఒకే ప్రాంతపు వాళ్ళ వైరస్‌లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. కోడలి వైరస్ అత్తగారింటి వైరస్‌లాగే ఉంటుంది, ఆమె కన్నతల్లి వైరస్‌లాగే కూడా ఉంటుంది.

భార్యాభర్తల పట్టికల విషయంలో శాస్త్రవేత్తలే ఒకసారి తొందరపడ్డారు. 1986లో కజియామా బృందం ఒకసారి తీసిన రక్తాల ఆధారంగా అంచనా వేసింది: పదేళ్ళలో భర్త నుంచి భార్యకు సోకే అవకాశం నూటికి 60.8, భార్య నుంచి భర్తకు 0.4. ఈ అంకెలు ఎంతగా చెలామణీ అయ్యాయంటే, ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకు రానే రాదని పాఠంలా చెప్పుకునేవారు. తర్వాత మియజాకిలో ఒకరికి ఉండి ఒకరికి లేని దంపతులను ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన స్టూవర్ బృందం 1993లో వేరే మాట చెప్పింది. మగవాడి నుంచి స్త్రీకి సోకే వేగం ఎక్కువే. కానీ స్త్రీ నుంచి మగవాడికి సోకే వేగానికి అది దాదాపు నాలుగు రెట్లే, నూటయాభై రెట్లు కాదు. 2016లో సతాకె బృందం రక్తదాతల రికార్డులు పట్టుకుని, జపాన్‌లో పెద్దవాళ్ళలో ఏటా సుమారు 4,190 మందికి కొత్తగా సోకుతోందని అంచనా వేసింది. వాళ్ళలో 975 మంది పురుషులు. ఒకనాటి రక్తం ఒక్క క్షణాన్నే పట్టిస్తుంది. దాన్నిబట్టి పదేళ్ళ దాంపత్యానికి తీర్పు చెప్పబోతే ఇలాగే అవుతుంది.

ఇంకొక చిక్కు పరీక్షలోనే ఉంది. మొదటి వడపోత పరీక్షలో ఉందని వచ్చినవారిలో కొందరికి నిజానికి వైరస్ ఉండదు. వైరస్ విరివిగా ఉన్న క్యూషూలో ఈ పొరపాట్లు తక్కువ శాతం. వైరస్ అరుదుగా ఉండే ప్రాంతాల్లో మాత్రం మొదటి పరీక్షలో దొరికినవాళ్ళలో అబద్ధపు ఫలితాలే చాలా ఉంటాయి. నిర్ధారణ కోసం వెస్టర్న్ బ్లాట్ అనే రెండో పరీక్ష చేస్తే, ఉందనీ లేదనీ తేల్చకుండా మధ్యలో వదిలేసే సందర్భాలు కూడా తక్కువేం కాదు. ప్రసవం దగ్గరపడుతున్న స్త్రీకి ‘తేలలేదు’ అన్న ఫలితం ‘ఉంది’ అన్నదానికంటే భారంగా తోచవచ్చు. దేశమంతటా పరీక్ష వద్దన్నవారు ఇదొక ప్రధాన కారణంగా చూపారు. అది మామూలు సాకు కాదు.

1990లో జపాన్ ప్రభుత్వం నియమించిన పరిశోధక బృందం దేశవ్యాప్తంగా పరీక్షలు అక్కర్లేదని తేల్చింది. జబ్బు కొన్ని ప్రాంతాలకే పరిమితం, వైరస్ ఉన్నవారి సంఖ్య దానంతటదే తగ్గుతోంది, కాబట్టి అవసరమైన చోట స్థానిక ప్రభుత్వాలే చూసుకోవచ్చు అన్నది ఆ నిర్ణయం వెనక ఆలోచన. ఆనాటికి అది తలాతోకా లేని ఆలోచనేం కాదు. తర్వాతి తరాల తల్లులు పాలిచ్చే కాలం తగ్గింది. రక్తమార్పిడి దారి మూసుకుంది. చిన్నవయసువాళ్ళలో యాంటీబాడీలు ఉన్నవారు తక్కువవుతున్నారు. కానీ జనం ఉన్నచోట ఉండరు. క్యూషూ పల్లెల నుంచి టోక్యోకూ ఒసాకాకూ పనుల కోసం వెళ్ళినవాళ్ళు తమ రక్తాన్ని కూడా తీసుకెళ్ళారు. ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ లెక్కవేస్తే దేశంలో ఇంకా పది లక్షలకు పైగా ఉన్నారు. రాజధాని చుట్టుపక్కల వాళ్ళ వాటా పెరిగింది. అక్కడి ప్రసూతి వైద్యులకు ఈ వైరస్ గురించి ఆలోచించే అలవాటే లేదు. మియాగి మాజీ గవర్నర్ అసానో షిరో 2009లో తనకు ఏటీఎల్ వచ్చిందని బయటికి చెప్పడం, రోగుల సంఘాలు 2010 సెప్టెంబరులో ప్రధాని కాన్ నవోతోను కలవడం జరిగాక ప్రభుత్వం దిగివచ్చింది. 2011 నుంచి దేశంలో గర్భిణులందరికీ ప్రభుత్వ ఖర్చుతో ఈ పరీక్ష అందుబాటులోకి వచ్చింది.

ఆ ఇరవై ఏళ్ళలో పరీక్షలేని ప్రాంతాల్లో పుట్టి, తల్లిపాల ద్వారా వైరస్ తెచ్చుకున్న పిల్లలు ఇప్పుడు యువతీయువకులు. వాళ్ళ తల్లులను ఎవరూ ఆందోళన పెట్టలేదు, నిజమే. కానీ ఆందోళన నుంచి కాపాడడమంటే ఎంచుకునే అవకాశాన్ని కూడా వాళ్ళ చేతికి రాకుండా చేయడమే అయింది. 1990 నిర్ణయాన్ని నేను తప్పుపట్టేది ఈ ఒక్క కారణంగానే. అంకెల్లో దాని అంచనా కొంతమేరకు నిజమైంది. స్త్రీల తరఫున ఆ నిర్ణయం తీసుకునే హక్కు మాత్రం ఆ బృందానికి లేదు.

పాలు పూర్తిగా మానాలా అన్నది వేరే ప్రశ్న. పరీక్షను సమర్థించేవారందరూ పోతపాలను సమర్థించనక్కర్లేదు. మావి ద్వారా బిడ్డకు చేరిన తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో ఉన్నంత కాలం వైరస్‌ను కొంత అడ్డుకుంటాయన్న ఆధారాలున్నాయి. అవి తరిగిపోయేలోపే పాలు మాన్పిస్తే సరిపోతుందేమో అన్న ఆలోచన దాని నుంచే వచ్చింది. నాగసాకికి చెందిన త్సుషిమా ద్వీపం నుంచి 1997లో వచ్చిన అధ్యయనం, కొద్దినెలలు మాత్రమే పాలిస్తే ముప్పు తగ్గుతుందని చూపింది. తర్వాత ఇటాబాషి కజువో నాయకత్వంలో దేశమంతటి తల్లీబిడ్డలను అనుసరించిన అధ్యయనంలో, పోతపాల పిల్లలకూ తొంభై రోజుల లోపు మాన్పించిన పిల్లలకూ గణాంకాలరీత్యా తేడా కనబడలేదు. పిండుకున్న పాలను గడ్డకట్టించి కరిగించి పట్టే పద్ధతి కూడా ఉంది. గడ్డకడితే కణాలు చస్తాయి. కణాలు చస్తే వైరస్‌కు వాహనం ఉండదు.

వినడానికి మూడునెలల దారి అందరికీ నచ్చుతుంది. కష్టం ఆచరణలో. మూడునెలలకు పాలు బాగా వచ్చి, బిడ్డ రొమ్ముకు అలవాటుపడి ఉంటుంది. సరిగ్గా అప్పుడు మాన్పించాలి. మూడునెలలని మొదలుపెట్టి ఆపలేక అయిదారు నెలలు కొనసాగించిన తల్లులు ఆ అధ్యయనంలోనే ఉన్నారు. తొంభై రోజులు దాటితే ముప్పు మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి ఈ దారిని ఎంచుకున్న స్త్రీకి సలహా కాగితం ఒక్కటే ఇచ్చి పంపితే లాభం లేదు. రెండోనెల నుంచే పక్కన నిలబడి పాలు ఎలా తగ్గించాలో చూపించే నర్సు కావాలి. జపాన్ తొలి సూచనలు పోతపాలనే ముందు పెట్టాయి. ఇటీవలి సూచనలు తల్లితో మాట్లాడి, ఆమె ఎంపికకు తోడ్పడమంటున్నాయి. ఈ మార్పు సరైనదని నా నమ్మకం.

ఇదంతా శుభ్రమైన నీళ్ళు, పాలపొడి కొనగల స్తోమత ఉన్న దేశపు చర్చ. కరీబియన్ దీవుల్లో, మధ్య ఆఫ్రికాలో, పెరూలో, మధ్య ఆస్ట్రేలియాలోని ఆదిమవాసుల్లో కూడా ఈ వైరస్ తరతరాలుగా ఉంది. ఆలిస్ స్ప్రింగ్స్ చుట్టుపక్కల కొన్ని ఆదిమవాసుల ఊళ్ళలో పెద్దవాళ్ళలో నూటికి నలభై మందికి పైగా వైరస్ ఉందని లెక్కలున్నాయి. విరేచనాలతో, న్యుమోనియాతో పసిపిల్లలు చనిపోయే చోట, అరవై ఏళ్ళ తర్వాతి క్యాన్సర్ కోసం తల్లిపాలు ఆపమనడం ప్రమాదం. నాగసాకి అంకెలు నిజమే. నాగసాకి సలహా మాత్రం అన్నిచోట్లకూ పనికిరాదు.

మన రాష్ట్రాల్లో ఈ వైరస్ చర్చ దాదాపు లేదు. భారతదేశంలో దాతల రక్తానికి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. హెచ్‌టీఎల్‌వీ ఆ జాబితాలో లేదు. కానీ ఇంకొక రెట్రోవైరస్ విషయంలో ఈ చర్చ మొత్తాన్ని తెలుగు ఇళ్ళు అనుభవించాయి. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటిగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చాలాకాలం పేరుపడింది. ఐసీటీసీలనే ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాల్లో గర్భిణులకు చేసే పరీక్షలో యాంటీబాడీలు చాలా ఇళ్ళలో ముందుగా భార్యలోనే బయటపడ్డాయి. గర్భం రావడంతో ఆమె ముందుగా ఆస్పత్రి మెట్లెక్కింది కాబట్టి. భర్త అప్పటికి పరీక్ష చేయించుకుని ఉండడు. ఎవరి రక్తంలో ముందు దొరికితే వాళ్ళే ఇంట్లోకి తెచ్చారని లోకం అనుకుంది. ఆ మాటతో పుట్టింటికి పంపబడిన ఆడవాళ్ళున్నారు. పసిబిడ్డలో కనిపించే యాంటీబాడీ తల్లిదే కావచ్చునని, పద్ధెనిమిది నెలల దాకా దాన్నిబట్టి ఏదీ తేల్చకూడదని మన కౌన్సెలర్లు కూడా తల్లులకు పదేపదే చెప్పాల్సి వచ్చింది. ఆరువారాలకే డీఎన్ఏ పరీక్ష చేసే ఏర్పాటు ఆ తర్వాత వచ్చింది.

రెండు వైరస్‌ల మధ్య ఒక పెద్ద తేడా ఉంది. హెచ్‌ఐవీకి మందులున్నాయి. మందులు క్రమంగా వాడే తల్లి బిడ్డకు తన పాలు ఇవ్వవచ్చు. యాంటీబాడీ దొరకడమంటే ఆమెకు చికిత్స మొదలవడం. హెచ్‌టీఎల్‌వీ-1 విషయంలో పరీక్ష ఆమెకు ఏ చికిత్సనూ ఇవ్వదు. ఆమె బిడ్డకు మాత్రం రక్షణ ఇవ్వగలదు. తనకు లాభం లేని పరీక్షకు ఒప్పుకుంటున్న స్త్రీకి, ఒప్పుకోకపోయే స్వేచ్ఛ నిజంగా ఉండాలి. పరీక్షకు ముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, ఉందని తేలితే ఏం జరుగుతుందో చెప్పి, అప్పుడు సంతకం తీసుకోవాలి. మామూలు పరీక్షల కట్టలో కలిపేసి తర్వాత కబురు చెప్పడం నాకు సమ్మతం కాదు. మన దేశంలో 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒకరి ఫలితాన్ని వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదన్న సూత్రాన్ని అంగీకరించింది. ఏ రెట్రోవైరస్ యాంటీబాడీకైనా అంతకంటే తక్కువ రక్షణ ఇవ్వడానికి కారణం కనబడదు.

ఇక అమ్మమ్మ సంగతి. కూతురి రక్తంలో యాంటీబాడీ దొరికిందని తెలిసిన పెద్దావిడ, నా పాల వల్లే కదా అని కుమిలిపోయే అవకాశం ఉంది. ఆమె పాలిచ్చిన రోజుల్లో ఈ వైరస్ పేరే లోకానికి తెలియదు. ఆ పాలే కారణమని పరీక్ష నిరూపించనూ లేదు. అల్లుడి నుంచి రాలేదని ఎవరూ చెప్పలేరు. గర్భిణి పరీక్ష ముందుకు, అంటే పుట్టబోయే బిడ్డ వైపు చూడడానికి ఉద్దేశించింది. దాన్ని వెనక్కి తిప్పి, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని ఆరా తీయడం వల్ల ఎవరికీ వైద్యపరమైన లాభం లేదు. పరిశోధకులకు ఆ పట్టికలు అవసరమయ్యాయి. పేర్లు తీసేసి వందల కుటుంబాలను కలిపి చూస్తే వాటి నుంచి సత్యం వచ్చింది. ఒక్క ఇంటికి ఆ పట్టిక వేస్తే వచ్చేది నింద మాత్రమే. భర్తకు చెప్పాలా వద్దా, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ చెప్పాలా వద్దా అన్నది ఆ స్త్రీ నిర్ణయించుకోవాలి. చెల్లెలు కూడా గర్భంతో ఉంటే చెప్పడం మంచిదని వైద్యుడు సలహా ఇవ్వవచ్చు. ఆమెను దాటి తానే కబురంపకూడదు.

కాబట్టి నా మాట ఇది. వైరస్ ఉన్న ప్రాంతాల్లో, పోతపాలు సురక్షితంగా పట్టగల చోట, గర్భిణి సమ్మతితో ఈ పరీక్ష చేయాలి. రెండో పరీక్షతో నిర్ధారణ కాకముందు ఏ తల్లికీ పాల గురించి ఏ సలహా ఇవ్వకూడదు. నిర్ధారణ అయ్యాక పోతపాలు, మూడునెలల తల్లిపాలు, గడ్డకట్టించిన పాలు, మూడు దారులనూ అంకెలతో సహా ఆమె ముందు పెట్టాలి. అన్నీ విని ఆమె మామూలుగానే పాలిస్తానంటే, ఆ తల్లిని కసరకుండా బిడ్డ ఎదుగుదలను చూస్తూ ఆమెకు వైద్యం అందిస్తూనే ఉండాలి.

ఈ వ్యాసం చదువుతున్న ప్రసూతి వైద్యులకూ కౌన్సెలర్లకూ ఒక విన్నపం. హెచ్‌ఐవీ అయినా, హెపటైటిస్ బి అయినా, మరేదైనా, భార్య ఫలితం చేతికొచ్చిన రోజున భర్తను లోపలికి పిలిచే ముందు, పిలవమంటారా అని ఆమెను అడగండి.